గుట్ట ఎక్కినవారు దిగి రావాలి



సుత్తనిపాతంలోని పారాయన వర్గం మన గోదావరి ఒడ్డునే మొదలవుతుంది. అస్సక రాజ్యంలో, ఆ నది పక్కన బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు ఉండేవాడు. అస్సకుల రాజధాని పోతన నేటి మన బోధనే అని చాలామంది చరిత్రకారులు అంటారు. నిజాంసాగర్ దాటి వచ్చే మంజీర, కందకుర్తి దగ్గర కలిసేది ఈ గోదావరిలోనే.

బావరి తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, విదిశల మీదుగా మగధకు నడిచారు. బుద్ధుడు పాసాణక చైత్యం దగ్గర ఉన్నాడని తెలిసి, ఆత్రంగా ఆ గుట్ట ఎక్కారు. ఈ పాఠంలో మనమూ ఒక గుట్ట ఎక్కుదాం.

ఎక్కేటప్పుడు

నిజామాబాద్‌లోని ఖిల్లా గుట్ట మీలో చాలామందికి తెలుసు. పైన పాత కోట గోడలు, రఘునాథాలయం ఉన్నాయి. ఎత్తు పెద్దదేమీ కాదు. ఎండ ముదరకముందే పోండి. ఫోన్ జేబులోనే ఉంచండి. కాలు లేచినప్పుడు లేచిందని, ఆనినప్పుడు ఆనిందని తెలుసుకోండి. ఆయాసం వస్తే నిలబడి, శ్వాస పొట్టిగా ఉందని గమనించండి. "ఇంకా ఎంత దూరం?" అనిపిస్తే, అది కూడా ఒక ఆలోచనే అని చూసి వదిలేయండి. సతిపట్ఠానం చెప్పే సాధన ఇదే.

పైన కూర్చున్నప్పుడు

దర్శనానికి వచ్చినవారికి దారి ఇచ్చి, ఒక పక్కన కూర్చోండి. గాలి తగులుతుంది, ఊరి చప్పుడు సన్నబడుతుంది. మనసుకు హాయిగా ఉంటుంది. అది సుఖ వేదన, అందులో తప్పు లేదు. "ఇది ఇట్లనే ఉండిపోవాలి" అనుకున్నప్పుడే తణ్హ మొదలవుతుంది.

ఒక సంగతి ఆలోచించండి. ఈ కోట ఒకప్పుడు జైలు. నిజాం పాలనలో కవి దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడే బంధించారు. మనం హాయి కోసం వచ్చే చోటే కొందరికి చెర అయింది. శాంతి గుట్టలోనే ఉంటే, అందరికీ అది శాంతినే ఇచ్చేది కదా?

కిందికి చూసేటప్పుడు

ఇండ్లు చిన్నగా కనిపిస్తాయి. మన తగాదాలూ చిన్నవిగానే తోస్తాయి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. "వాళ్లు కింద, నేను పైన" అనే మానం మెల్లగా లేస్తుంది.

ఆయాచన సుత్తంలో సహంపతి బ్రహ్మ బుద్ధుణ్ణి వేడుకుంటాడు: కొండకొమ్మున నిలిచినవాడు చుట్టూ ఉన్న జనాన్ని చూసినట్టు, దుఃఖంలో మునిగిన లోకాన్ని చూడమని. బుద్ధుడు కరుణతో చూశాడు, ధమ్మం చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఎత్తు నుంచి చూడటం అంటే అది.

మీరూ అట్లా చూడండి. ఆ కప్పుల కింద బీడీలు చుట్టే చేతులున్నాయి. గల్ఫ్ నుంచి ఫోన్ కోసం ఎదురుచూసే తల్లులున్నారు. ఊరి అవతల పసుపు ధర గురించి దిగులుపడే రైతులున్నారు. కంటికి ఆనకపోయినా, బోధన్‌లో 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి బతుకుదెరువు పోయినవారూ ఉన్నారు.

దిగేటప్పుడు

ఆ 16 మందిలో చివర ప్రశ్న అడిగినవాడు పింగియుడు. ముసలివాడు, చూపు మందగించింది, చెవులు సరిగా వినపడవు. మోహంలోనే చనిపోకుండా దారి చూపమని అడిగాడు. విన్నదాన్ని తనకే దాచుకోలేదు. మళ్లీ గోదావరి ఒడ్డుకు వచ్చి బావరికి చెప్పాడు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తిరుగు ప్రయాణాన్నే.

కాబట్టి దిగేటప్పుడు కూడా ప్రతి మెట్టూ ఎరుకతోనే దిగండి. అదే రోజు, కష్టంలో ఉన్న ఒక్కరి దగ్గరికైనా పోయి కూర్చోండి. సలహాలు వద్దు, ముందు వారి మాట పూర్తిగా వినండి.

మననానికి

1. పైన దొరికిన నెమ్మది ఇంటి గడప దాకా నిలిచిందా? ఎక్కడ జారింది?
2. కిందికి చూసినప్పుడు మానం లేచిందా, కరుణ లేచిందా?
3. ఈ వారం మీరు ఎవరి మాట వినబోతున్నారు?

భవతు సబ్బ మంగళం.