కత్తెర పురుగు ఇంటిపేరేమిటి?

అత్తాకోడళ్లు మొక్కజొన్న చేలో కలుపు తీస్తున్నారు. కోడలు ఒక మొక్క దగ్గర ఆగింది. ఆకుల నిండా చిల్లులు. మొవ్వులో రంపపు పొట్టు లాంటి రెట్ట. విప్పి చూస్తే పురుగు!

"వేరుశనగలో వచ్చే లద్దె పురుగే ఇది. అప్పు చేసైనా మందు తెచ్చి కొట్టాలి" అంది అత్త.

"ఆగత్తా" అంది కోడలు. కొంగు ముడి విప్పి కరపత్రం తీసింది. కూడబలుక్కుంటూ చదివింది.

"తల మీద తెల్లని గీతలు. తలకిందులు చేసిన పంగలకర్రలా ఉంటాయి. తోక దగ్గర నాలుగు మూలలా నాలుగు నల్ల చుక్కలు. ఇది కత్తెర పురుగు."

పురుగును చూశారు. గీతలున్నాయి. చుక్కలూ ఉన్నాయి.

అత్త మాటలోనూ కొంత నిజం ఉంది. ఈ రెండు పురుగులూ దాయాదులే. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక ఉంటాయి. శాస్త్రజ్ఞులు పురుగులకూ అలాగే పేర్లు పెట్టారు. లద్దె పురుగు పేరు స్పోడాప్టెరా లిటూరా. కత్తెర పురుగు పేరు స్పోడాప్టెరా ఫ్రూజిపెర్డా. ఇంటిపేరు ఒకటే! రెండూ పెరిగి రెక్కల పురుగులవుతాయి. రాత్రిపూట ఎగురుతాయి. సీతాకోక చిలుకలు వీటికి దూరపు చుట్టాలు.

మరి కత్తెర పురుగు సొంత ఊరేది? అమెరికా ఖండాల్లోని వెచ్చని ప్రాంతాలు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో మన దేశంలో, కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర కనిపించింది. ఆ ఏడే తెలంగాణకూ, ఆంధ్రకూ వచ్చింది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా చేరింది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా పోగలదు. చలి గడ్డ కట్టే చోట మాత్రం బతకలేదు. మన దగ్గర అంత చలి లేదు. అందుకే ఏడాది పొడుగునా ఉంటుంది.

"అయితే ఏం చేయాలే?" అడిగింది అత్త.

"తల్లి పురుగు ఆకు మీద గుంపుగా గుడ్లు పెడుతుందట. ఒక్కో గుంపులో 100 నుంచి 200. పైన నూగు కప్పుతుందట. ఆ గుంపును నలిపేస్తే అన్ని పురుగులూ పోయినట్టే. పురుగు పెద్దదై మొవ్వులో దూరితే మందు సరిగా తగలదట. లేత పైరు మొవ్వులో 9 పాళ్లు సన్న ఇసుక, 1 పాలు సున్నం కలిపి వేయమన్నారు."

అత్త కొడవలి పక్కన పెట్టింది. "నువ్వా సాలు చూడు. నేనీ సాలు చూస్తా" అంది.

చెప్పండి:
1. కత్తెర పురుగును ఏ గుర్తులతో పోల్చుకోవచ్చు?
2. దాని దాయాది ఏది?
3. గుడ్లప్పుడే నలిపేస్తే లాభమేమిటి?