హక్కు ఎప్పుడు మారుతుంది?

అమ్ములూ,

సివిల్ లాయరుగారి దగ్గర జూనియరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. వీలునామా, సెటిల్‌మెంటు, నామినేషన్ మూడూ కలగాపులగం అయిపోతున్నాయన్నావట. దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కనుక నాకు తెలిసిన కిటుకు చెబుతాను. ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఒక్కటే చూడు: హక్కు ఎప్పుడు మారుతోంది?

వీలునామా అయితే రాసినవాడు పోయాకే. అందాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరుది చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెప్పు. ఇద్దరు సాక్షులు కావాలి. రాసేవాడి ఈడు స్నేహితుల్నే తెచ్చి కూర్చోబెడతారు, అదే చిక్కు. రేపు తగువొస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టులో చెప్పాలి కదా! వయసులో చిన్నవాళ్ళని, ఆస్తిలో వాటా లేనివాళ్ళని పెట్టించు.

అమెరికాలో ఉన్న పిల్లలు ప్రొబేట్ గురించి, అంటే వీలునామాను కోర్టులో రుజువు చేయించడం గురించి, కంగారుగా అడుగుతారు. అక్కడ ఆ కోర్టు తతంగం తప్పించుకోవడానికి బతికుండగానే ఆస్తిని ట్రస్టులో పెట్టే అలవాటుంది. ఇక్కడ సంగతి వేరు. 1925 నాటి భారత వారసత్వ చట్టం హిందువుల వీలునామాకు ప్రొబేట్ ఉండాలన్నది ఒకప్పుడు బెంగాల్లోనూ, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ మాత్రమే, 2025లో ఆ నియమాన్నీ తీసేశారు. మన ఊళ్ళలో రాసిన వీలునామాకు, మన ఊళ్ళలోని ఆస్తికి ఆ నియమం ముందునుంచీ లేదు. అన్నదమ్ములు కొట్లాడుకుంటే మాత్రం కోర్టు ఎలాగూ తప్పదు.

దాన సెటిల్‌మెంటు అలా కాదు. రిజిస్టరై, పుచ్చుకున్నవాడు ఒప్పుకున్నాడంటే హక్కు అప్పుడే వెళ్ళిపోయినట్టు. “ఎప్పటికైనా వాడిదేగా” అంటూ ఉన్న ఒక్క ఇల్లూ కొడుకు పేర రాసేసి, తర్వాత మనసు మార్చుకుని మా బల్ల దగ్గరికొచ్చే పెద్దలకు చెప్పడానికి నా దగ్గర మాట ఉండేది కాదు. అంతగా రాయాలనుకుంటే భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం అనుభవ హక్కు అట్టిపెట్టించు. చూసుకోవాలన్న షరతు కూడా దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళితే పట్టుకొమ్మ అదే. నన్నడిగితే ఉన్న ఒక్క ఇంటికీ వీలునామాయే మేలు.

నామినీ విషయంలో చదువుకున్నవాళ్ళే బోల్తా పడతారు. బ్యాంకు నామినీకి డబ్బిస్తుంది, అంతమాత్రాన అది అతని సొంతం కాదు. వారసుల తరఫున పుచ్చుకున్నట్టే లెక్క. షేర్ల నామినీ కూడా అంతేనని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. జీవిత బీమాలో మటుకు 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వాళ్ళదే.

పిత్రార్జితమంటే ఇంకాస్త జాగ్రత్త. అందులో తండ్రి తన వాటాకే వీలునామా రాయగలడు. కట్నమిచ్చి పంపాం కదా అంటే కూతురి హక్కు పోదు, కొడుకుతో సమానంగా ఆమెకు పుట్టుకతోనే హక్కుందని 2020లో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది.

వీలునామా లేకుండా హిందువు పోతే అతని స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు తలా ఒక సమాన వాటా వస్తుంది. తల్లి బతికుంటే ఆమెకూ అంతే. జాబితా రాయించేటప్పుడు జనం మరిచిపోయేది ఆ ముసలమ్మనే. క్లయింటు వారసుల పేర్లు చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ ఉన్నారా అని ముందు అడుగు.

ఇట్లు,
మామయ్య