జెముడు ముక్కకు వైద్యము

నాగజెముడు జాతి మొక్కలకు దాహముకంటె తడియే గొప్ప శత్రువు. కోసిన కాండమును వెంటనే తడిమట్టిలో నాటినచో, పచ్చిగాయముగుండ బూజు ప్రవేశించి ముక్క క్రిందినుండి కుళ్ళును. అట్టిదానిని మనము పారవేయ నక్కఱలేదు. కుళ్ళును పదునైన కత్తితో కోసివేయవలెను. లోపలి కండలో గోధుమరంగు చుక్క యొక్కటి మిగిలినను ఇంకను పైకి కోయవలెను. ప్రతి కోతకును కత్తిని స్పిరిటుతో తుడువవలెను. పిమ్మట రెండు మూడు వారములు గాలి తగులు నీడలో ఆరనిచ్చినచో గాయముపై గట్టిపొర యేర్పడును. అప్పుడు పొడి యిసుకలో నిలిపి, వేళ్ళు పుట్టువఱకు నీరు పోయక వేచియుండవలెను. కాండములో దాచుకొన్న నీరే దానికి చాలును.

ఇట్లు ముక్కలతో పెంచబడు జెముళ్ళలో పెరూ దేశపు సాన్ పెడ్రో ప్రసిద్ధము. పేతురు భక్తుని పేరే దానికి పెట్టిరి. అచ్చటి నాటువైద్యులు దాని కషాయమును త్రాగి, మొక్కయందలి ఆత్మ రోగకారణమును తమకు చూపునని నమ్ముదురు. చావీన్ శిథిలములలో ఈ జెముడును చేతబట్టిన మూర్తి రాతిపై చెక్కబడియున్నది. అది రెండువేల యేండ్లకు పూర్వపుది. శాస్త్రజ్ఞులో, ఆ దర్శనములకు మెస్కలిన్ అను రసాయనము కారణమందురు. 1897లో ఆర్థర్ హెఫ్టర్ అను జర్మను పండితుడు మెక్సికో దేశపు పెయోటి జెముడునుండి దానిని వేఱుచేసి, తనపైననే పరీక్షించుకొనెను. అది మనస్సును కలవరపెట్టునది గావున బాలురు దాని జోలికి పోరాదు.

మొక్కకు ఆత్మ యున్నదా యను ప్రశ్నకు సూక్ష్మదర్శిని ఉత్తరమీయలేదు. కాని ఆ మొక్క గుణమును మొదట కనిపెట్టినది నాటువైద్యుల శ్రద్ధయే. దాని హేతువును పరీక్షించి చూపినది శాస్త్రము. మనము నాటువైద్యుల శ్రద్ధను గౌరవింతము, శాస్త్రపు పరీక్షను విడువకుందము. కుళ్ళుచున్న ముక్కను ప్రతిదినము చూచి, చూచినదానిని వ్రాసికొను బాలునకు ఈ రెండును అలవడును.