కంప్యూటరు చేయు చప్పుళ్లు

కొల్లేటి లంక గ్రామములందును నేడు పంచాయతీ పనులు కంప్యూటరుపై సాగుచున్నవి. అది పలుమారు ‘టింగు’మనగానే విసిగి దాని నోరు నొక్కివేయుట సాధారణము. సభ్యులు ముందుగా ఆ చప్పుడెక్కడ పుట్టుచున్నదో విచారింపవలెను.

వేలిముద్ర యంత్రపు తీగ వదులైనచో సంబంధము తెగినపుడొకటి, కలిసినపుడొకటిగా జంట ధ్వనులు మాటిమాటికి వినవచ్చును. స్పీకరు ఆపినంత మాత్రమున తీగ బిగియదు. ఈ-కేవైసీకై వచ్చిన వృద్ధురాలి వేలిముద్ర పడదు. తీగను మరొక పోర్టున అమర్చి చూడుడు. కొల్లేటి తేమగాలికి కొస చిలుము పట్టినదేమో కూడ గమనింపుడు.

కరెంటు పోగానే ‘కీ’యని అరచునది కంప్యూటరు కాదు, యూపీయస్ పెట్టె. అరుపు త్వరత్వరగా వచ్చుచున్నచో బ్యాటరీ అడుగంటుచున్నదని సాధారణముగా అర్థము. వెంటనే పనిని భద్రపరచి కంప్యూటరును ఆపవలెను.

ఈ రెండును కాక ఉత్త టింగులే మిగిలినచో, విండోసు సౌండు అమరికలలో ‘నో సౌండ్స్’ ఎంచుకొనిన చాలును. వీడియో సమావేశములలోని మాటలు యథాప్రకారము వినబడును.