ఫౌండేషన్ సొమ్ముకు కాపలా: ఆరోగ్యవరం నుంచి ఆఫ్రికా దాకా ఒక ఉద్యోగ మార్గం

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం పేరు విననివాళ్లు మన వైపు అరుదు. వాయల్పాడులోనో పుంగనూరులోనో పెద్దవాళ్లను అడిగితే ‘క్షయ ఆస్పత్రి’ అంటారు. 1915లో అది మొదలైనప్పుడు క్షయను నయం చేసే మందే లేదు. పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే వైద్యం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంటు. డబ్బు సముద్రాల అవతలి నుంచి వచ్చింది. ఇచ్చింది ఒక్క సంస్థ కాదు, వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టుకున్న ఆస్పత్రి అది. అందుకే పాత పేరులో ‘యూనియన్ మిషన్’ అన్న మాట ఉండేది.

పదిమంది డబ్బు వేసి ఒక ఆస్పత్రి పెడితే ఏమేం తేల్చుకోవాలో ఒక్కసారి ఆలోచించండి. ఎవరి వాటా ఎంత? డాక్టరును ఎవరు నియమించాలి? డబ్బిచ్చిన మిషన్ పంపిన రోగికి ముందు మంచం ఇవ్వాలా, జబ్బు ముదిరినవాడికా? లెక్కలు ఎవరికి చూపాలి? ఇవి తేలకుండా పెట్టిన ఆస్పత్రి పదేళ్లు నిలవదు. ఆరోగ్యవరం నూరేళ్లు దాటింది.

ఈ ప్రశ్నలకు జవాబులు రాసి, అవి అమలయ్యేలా చూడటమే ఇవాళ ఫౌండేషన్లలో ‘గవర్నెన్స్’ అని పిలిచే పని. పెద్ద కంపెనీల దాతృత్వ సంస్థలు ఆఫ్రికాలో మలేరియాకు, ఎయిడ్స్‌కు, కంటి జబ్బులకు డబ్బు ఇస్తున్నాయి. ఆ డబ్బు ఏ దారిన వెళ్లాలి, ఎవరు సంతకం పెట్టాలి, తప్పు జరిగితే ఎవరు ఆపాలి అని చూసే మనుషులు వాటికి కావాలి. డిగ్రీ పూర్తిచేసి బెంగళూరు బస్సెక్కే మన పిల్లల్లో చాలామందికి ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందనే తెలియదు. కంపెనీ ఫౌండేషన్ అంటే దుప్పట్లు, నోటు పుస్తకాలు పంచి ఫొటో దిగడమే అనుకుంటారు. ఆ అభిప్రాయం మారాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్‌ఆర్ అంటున్నాం. ఆ డబ్బు అందుకుని పనిచేసే ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. ఇచ్చిన సొమ్ము అనుకున్న పనికే ఖర్చయిందని కంపెనీ ముఖ్య ఆర్థికాధికారి ధ్రువీకరించాలి. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు. గత మూడేళ్ల సగటున ఏటా రూ.10 కోట్లు, అంతకు మించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు తమ పెద్ద ప్రాజెక్టుల ఫలితాన్ని బయటి సంస్థతో మదింపు చేయించాలి. ఇందులో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరి ఉద్యోగం ఉంది.

చాలామంది పొరబడే విషయం ఇంకొకటి. మన దేశ చట్టం ప్రకారం లెక్కకొచ్చే సీఎస్‌ఆర్ సొమ్మును ఆఫ్రికాలో ఖర్చు పెట్టడం కుదరదు. దేశం బయట చేసిన పనిని నిబంధనలు సీఎస్‌ఆర్‌గా లెక్కించవు. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే మన క్రీడాకారుల శిక్షణ ఒక్కటే దానికి మినహాయింపు. కాబట్టి ఆఫ్రికా ఆరోగ్య ప్రాజెక్టులకు వెళ్లే కంపెనీ ఫౌండేషన్ల డబ్బు ఎక్కువగా అమెరికా, ఐరోపా నుంచి వెళ్తుంది. మన సంస్థలు నైపుణ్యం రూపంలో వెళ్తాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి లైబీరియా రాజధాని మన్రోవియాలో కంటి కేంద్రం నిలబెట్టింది అలాగే. ఇంటర్వ్యూలో ‘మీ కంపెనీ సీఎస్‌ఆర్‌తో ఆఫ్రికాలో పనిచేయాలని ఉంది’ అన్నారంటే చట్టం చదవలేదని అక్కడే తెలిసిపోతుంది.

ఇక మన తెలుగు నేల మీదే జరిగిన ఒక పాఠం. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం తండ్రి పేరిట 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, తాగునీటి ప్లాంట్లు నడిపింది. 2005 ఆగస్టు 15న అదే రాజు చొరవతో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం జరిగిందని ఆయనే లేఖ రాశారు. ఆ రోజు రాత్రి ఏదో ఊళ్లో పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషికి ఆ లేఖతో ఏం సంబంధం? ఆమె 108కు ఫోన్ చేస్తే బండి రావాలి. వచ్చింది కూడా. ఎందుకంటే ఆ సేవకు ప్రభుత్వంతో ఒప్పందం ఉంది, నిర్వహణ ఖర్చులో సింహభాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది. అదే ఏడాది జీవీకే సంస్థ ముందుకొచ్చి నిర్వహణ చేపట్టింది. బైర్రాజు ఫౌండేషన్ మాత్రం ఆ కుటుంబంతో, ఆ కంపెనీతో ముడిపడి ఉండటంతో దెబ్బను నేరుగా తింది. రెండింటిలోనూ పనిచేసిన వాళ్లు మంచివాళ్లే, కష్టపడ్డవాళ్లే. తేడా కాగితం మీద ఉంది. దాత కూలిపోయినా సేవ నిలబడేలా ఒప్పందం రాసి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ ఒక్క ఉదంతం బాగా అర్థమైన విద్యార్థికి గవర్నెన్స్ సగం వచ్చేసినట్టే.

ఆఫ్రికాలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. నదుల దగ్గర పెరిగే నల్ల ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు ఒకటి మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి రివర్ బ్లైండ్‌నెస్ అని పేరు. అమెరికాకు చెందిన మెర్క్ కంపెనీ 1987లో దానికి పనికొచ్చే ఐవర్‌మెక్టిన్ మందును, అవసరం ఉన్నంత కాలం, అవసరమైనంత మేర ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. మెచ్చుకోవలసిన ప్రకటనే. నాకు అంతకంటే నచ్చింది ఆ తర్వాత చేసిన పని. మందు ఏ దేశానికి, ఏ కార్యక్రమానికి ఇవ్వాలో తేల్చే బాధ్యతను కంపెనీ స్వతంత్ర నిపుణుల కమిటీకి అప్పగించింది. మశూచి నిర్మూలనలో పేరుపొందిన డాక్టర్ విలియం ఫోగీ దానికి అధ్యక్షుడు. మందు కంపెనీదే, నిర్ణయం కంపెనీది కాదు. తర్వాత ఊళ్లే తమలోంచి మందు పంచేవాళ్లను ఎన్నుకునే పద్ధతి వచ్చింది. తూకం యంత్రాలు లేని చోట మనిషి ఎత్తును గుర్తులు పెట్టిన కర్రతో కొలిచి, దాన్నిబట్టి ఎన్ని మాత్రలో చెప్పేవారు. 2025 జనవరిలో నైజర్ దేశం ఆ జబ్బు వ్యాప్తిని పూర్తిగా ఆపిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆఫ్రికాలో ఆ ఘనత సాధించిన మొదటి దేశం అదే.

అన్ని కథలూ ఇంత శుభ్రంగా ఉండవు. 1999లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే మందుల కంపెనీ దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, నమీబియా, లెసోతో, స్వాజీలాండ్‌లలో ఎయిడ్స్ పనికి 10 కోట్ల డాలర్లు ప్రకటించింది. అదే కాలంలో మందుల ధరల గురించి దక్షిణాఫ్రికా ప్రభుత్వం తెచ్చిన చట్టంపై 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆ జాబితాలో ఈ కంపెనీ కూడా ఉంది. ప్రపంచమంతా నిలదీశాక 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. ఒక చేత్తో విరాళం, మరో చేత్తో దావా. ఫౌండేషన్ బోర్డులో కూర్చున్న ట్రస్టీ ఇలాంటప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాలి? కంపెనీ మందునే కొనాలన్న షరతుతో క్లినిక్‌కు గ్రాంటు ఇస్తామని ఫైలు వస్తే సంతకం పెట్టాలా, వద్దా? స్వప్రయోజనాల వైరుధ్యం అని మనం పుస్తకాల్లో చదువుకునేది ఇలా ఫైలు రూపంలో బల్ల మీదికి వస్తుంది. ‘ఈ చర్చలో నేను పాల్గొనను, నాకు ఆ కంపెనీలో వాటా ఉంది’ అని ట్రస్టీ లేచి వెళ్లడం, ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కడం, ఎక్కేలా ఒక కార్యదర్శి పట్టుబట్టడం, ఇదే ఈ వృత్తి ప్రాణం.

మరి దారి ఏది? బీకాం చదివినవాళ్లకు సీఏ, సీఎంఏ దగ్గరి దారులు. ఫౌండేషన్లలో గ్రాంట్స్ మేనేజర్, అంతర్గత ఆడిటర్ కొలువులకు వాళ్లనే వెతుకుతారు. కంపెనీ సెక్రటరీ కోర్సును మన వైపు పిల్లలు ఎక్కువగా పట్టించుకోరు. బోర్డు సమావేశాలు, తీర్మానాలు, చట్టం, నమోదు అన్నీ వాళ్ల పనే కాబట్టి గవర్నెన్స్‌కు అంతకంటే సూటి చదువు లేదని నా అభిప్రాయం. డిగ్రీ చేస్తూనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. విదేశీ నిధులు అందుకునే సంస్థల్లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం తెలిసినవాడికి ప్రత్యేక గిరాకీ ఉంది. 2020 సవరణతో ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పరిపాలనకు 20 శాతం మించి వాడకూడదు, అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు.

నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు పబ్లిక్ హెల్త్ దారి ఉంది. ఎంపీహెచ్ కోర్సుకు హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, చెన్నైలో జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉన్నాయి. కుప్పం, పుంగనూరు వాళ్లకు వేలూరు సీఎంసీ పొరుగు ఊరి కిందే లెక్క. సోషల్ వర్క్ వైపు వెళ్లేవాళ్లకు ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది, ఇంట్లో ఉండి చదవాలంటే ఇగ్నో ఉంది. డెవలప్‌మెంట్ కోర్సులకు బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ మనకు దగ్గర. ప్రాజెక్టుల ఫలితాన్ని కొలిచే ఉద్యోగాలను ఎం అండ్ ఈ (మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్) అంటారు. గణాంకాలు వచ్చినవాళ్లకు అది మంచి చోటు.

ఫలితాన్ని కొలవడం అనగానే మళ్లీ ఆరోగ్యవరం గుర్తొస్తుంది. మోలర్ గారి కొడుకు డాక్టర్ యోహన్నెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల జనాన్ని పరీక్షించి క్షయ ఎలా వ్యాపిస్తుందో అధ్యయనం చేశారు. 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ ఆ ఫలితాలను వంద పేజీలకు పైగా అచ్చువేసింది. మన పల్లెల పేర్లు, మన తాతల దగ్గులు ప్రపంచ వైద్యానికి లెక్కలయ్యాయి. ఇంటింటికీ వెళ్లి పేరు రాసుకుని, మళ్లీ అదే ఇంటికి వెళ్లిన మనుషులు లేకపోతే ఆ పేజీలు లేవు. ఎం అండ్ ఈ అంటే ఇదే.

ఆఫ్రికా మీద గురి ఉన్నవాళ్లు భాష విషయంలో ఆలస్యం చేయకండి. సెనెగల్, నైజర్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో ఆఫీసు పని ఫ్రెంచిలో నడుస్తుంది, మొజాంబిక్‌లో పోర్చుగీసులో. హైదరాబాద్‌లోని ఇఫ్లూ యూనివర్సిటీలో ఫ్రెంచి నేర్పుతారు. కుప్పం పిల్లలు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వీధిలోనే నేర్చుకుంటారు. నాలుగో భాష వాళ్లకు భారం కాదు.

జీతం సంగతి దాచను. మొదటి ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ జీతం రాదు. మొదటి రెండు మూడేళ్లు జిల్లా కేంద్రాల్లో వోచర్లు, యుటిలైజేషన్ సర్టిఫికెట్లు, సంతకాలు సరిపోలని హాజరు పట్టీల మధ్యే గడుస్తాయి. ఆ పని చిన్నదనుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మేలు. గ్రాంటుతో కొన్న యంత్రం టెక్నీషియన్ లేక గుడ్డ కప్పుకుని పడి ఉండటం మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఆ యంత్రం కొనే రోజున ‘దీన్ని ఎవరు నడుపుతారు, మూడేళ్ల తర్వాత ఆ మనిషికి జీతం ఎవరిస్తారు’ అని అడిగినవాడు ఒక్కడుండి ఉంటే చాలు. ఆ ప్రశ్న అడిగేందుకే జీతమిచ్చే ఉద్యోగం ఇది.

ఆ ప్రశ్న అడగడం మన ఊళ్లకు కొత్త కూడా కాదు. డ్వాక్రా సంఘంలో మీ అమ్మ తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడిగిందే గవర్నెన్స్. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా పద్ధతిగా నడిపి దేశానికి చూపింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు. కూలీల పిల్లలే మస్టరు చేతబట్టి ఇల్లిల్లూ తిరిగి, నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నీకు ముట్టిందెంత అని అడిగి, ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. అలా తిరిగినవాళ్లు బయోడేటాలో ఆ మాట రాసుకోవడానికి మొహమాటపడతారు. మొదటి వరసలో రాయండి. అంతర్జాతీయ ఫౌండేషన్‌కు కావలసిన అనుభవం అదే.

ఈ వారం రెండు పనులు చేయండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ సీఎస్‌ఆర్ పోర్టల్ తెరిచి ఏ కంపెనీ ఎక్కడ, దేనికి ఎంత ఖర్చు పెట్టిందో చూడండి. మీకు తెలిసిన పని ఒకటి కనిపిస్తే, అక్కడికి వెళ్లి అది నడుస్తోందో లేదో మీ కళ్లతో చూసి రెండు పేజీలు రాయండి. తర్వాత మీ ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లి మండలంలో వచ్చే ప్రజావేదిక ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజు వెళ్లి, నోటు పుస్తకం పట్టుకుని చివరిదాకా కూర్చోండి.