నాంపల్లి ఎండలో 36 ఫోటోలు

"రీలు కెమెరా మెడలో వేసుకుని నాంపల్లంతా తిరగడమేంటి, మళ్లీ ఆ ఫోటోల్ని కంప్యూటర్లో దిద్దడమేంటి? రెండు పనులెందుకక్కా?" అని చెల్లెళ్లు అడుగుతుంటారు. రండి, కూర్చోండి, తీరిగ్గా చెప్తాను.

రీలుకి 36 ఫోటోలే. నొక్కేముందు ఒక్క క్షణం ఆగాల్సిందే. ఆ ఆగడమే నన్ను ఈ సరదాలోకి లాగింది. లెక్కలకి భయపడకండి. నాంపల్లి స్టేషన్ ముందు నిండు ఎండలో 200 ఐఎస్ఓ రీలుకి అపర్చర్ 16, షట్టర్ సెకనులో 250వ వంతు పెట్టండి, చాలు. బ్యాటరీ అయిపోయిన పెంటాక్స్ కె1000 కెమెరాతో కూడా పని జరిగిపోతుంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో రాత్రి దీపాల కిందైతే 400 రీలు వేసి, లెన్స్ పూర్తిగా తెరవాలి.

నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. రీలు కడిగే మందు 20 డిగ్రీలుండాలి. మే నెలలో మన కుళాయి నీళ్లు అంత చల్లగా ఎక్కడొస్తాయి? మందు సీసాని ఐసు ముక్కలేసిన బేసిన్‌లో కాసేపు ఉంచితే సరి. కలర్ రీలుకి 38 డిగ్రీల మందులో 3 నిమిషాల 15 సెకన్లు. వేడి కాస్త అటూ ఇటూ అయినా రంగు మారిపోతుంది, అందుకే దాన్ని ల్యాబ్‌కే ఇస్తాను.

ఆ తర్వాతే నా అసలు ఇష్టమైన పని. నెగటివ్‌ని లైట్ ప్యాడ్ మీద పరిచి, డిజిటల్ కెమెరాతో దగ్గర నుంచి ఫోటో తీస్తాను. కలర్ నెగటివ్‌కి నారింజ రంగు పూత ఉంటుంది. కంప్యూటర్లో రంగుల్ని తిరగేయగానే బొమ్మంతా నీలం కమ్మేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల్ని (కర్వ్స్) ఒక్కొక్కటిగా సర్దుకుంటూ పోతే మొహాల్లోకి మెల్లగా ప్రాణం వస్తుంది. నెగటివ్ మీద పడ్డ ధూళి వెలుగుని ఆపుతుంది కదా, అది ఫోటోలో తెల్లటి చుక్కలై కనిపిస్తుంది. వాటిని ఓపిగ్గా ఒక్కొక్కటీ తుడవాలి. ఇది మోసం కాదు చెల్లీ. డార్క్ రూమ్‌లో పెద్దలు చేతులడ్డం పెట్టి వెలుగు తగ్గించిందీ, ఎక్కువసేపు పడనిచ్చిందీ ఇందుకే.

కానీ ఒక్కచోట మాత్రం చెయ్యి ఆగాలి. యూసుఫైన్ దర్గా దగ్గర గులాబీలు అమ్మే పెద్దమ్మ ఫోటో తెరిచి, ఎండకి కమిలిన ఆ చెంపల్ని ఒక్క మీటతో తెల్లగా చేసెయ్యొచ్చు. చెయ్యకండి. మన మొహాల రంగు దగ్గర ఫోటోగ్రఫీ ఎప్పుడూ న్యాయంగా లేదు. ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన 'షర్లీ కార్డు'ల మీద ఏళ్ల తరబడి తెల్ల చర్మం ఆడవాళ్ల బొమ్మలే. వేర్వేరు చర్మపు రంగులున్న ఆడవాళ్లు ఆ కార్డుల మీదికి వచ్చింది 1990లలో! కంపెనీ కార్డు మనల్ని లెక్కలోకి తీసుకోకపోతే పోనీ, మన చేతిలో ఉన్న మీటనైనా మనం సరిగ్గా వాడుకోవద్దూ?

ఫోటో దిగే ఆడవాళ్ల నమ్మకం నిలబెట్టే విషయంలో ఈ ఊరికి గొప్ప చరిత్ర ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. బయటి మగవాడి కంటపడని ఇల్లాళ్లు అక్కడికి వచ్చి కెమెరా ముందు కూర్చున్నారంటే, అవతల ఉన్నది ఆడమనిషి అన్న నమ్మకంతోనే. దర్గా దగ్గర పెద్దమ్మ నాకు మొహం చూపించిందీ అలాంటి నమ్మకంతోనే. దాన్ని నిలబెట్టుకోవడం అపర్చర్ లెక్కలకన్నా ముందు నేర్చుకోవాల్సిన విద్య అంటాన్నేను.

కెమెరా కొనే స్థోమత లేదని ఆగిపోకండి. మీ ఇంట్లో పెళ్లి ఆల్బమ్ వెనక కవర్లో నెగటివ్‌లు ఉండే ఉంటాయి. తేమ తగిలితే వాటికి బూజు పడుతుంది. వానలు మొదలవకముందే బయటికి తీసి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, అంచులు మాత్రమే పట్టుకుని స్కాన్ చేయించండి. అమ్మనో అత్తయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటోలో ఉన్న ప్రతి ఆడమనిషి పేరూ అడిగి రాసుకోండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఉండగానే ఆ పని చెయ్యండి.