జాబితాలో నీ పేరుందా నానీ?

నానీ,

మీ అమ్మ ఫోనులో మాటల మధ్య నోరు జారింది. 2024 మే 13న ఆంధ్రాకీ తెలంగాణకీ ఒకేరోజు పోలింగయితే, నువ్వు స్నేహితులతో ఊటీలో ఉన్నావట. రెండో శనివారం, ఆదివారం, సోమవారం పోలింగు సెలవు, మూడు రోజులు కలిసొచ్చాయి మరి! ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి మనవాళ్ళు బస్సుల్లో సీట్లు దొరక్కపోయినా ఎలాగోలా ఊళ్ళకొచ్చి ఓటేసి వెళ్ళారు. ఇదేంట్రా అని అడిగితే "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది పెద్దమ్మా" అని మెసేజి పెట్టావు, పక్కన ఒక నవ్వు బొమ్మ. దానికి జవాబు ఫోనులో టైపు చెయ్యడం నా వల్ల కాదు, అందుకే కాగితం తీశాను.

అనకాపల్లిలో పుట్టినవాడు అడగాల్సిన ప్రశ్న కాదురా అది. 1989లో మన లోక్‌సభ సీటు కొణతాల రామకృష్ణగారు గెలిచింది తొమ్మిది ఓట్లతో. తొమ్మిది వేలు కాదు, తొమ్మిది. మన పెరటివైపు రెండిళ్ళవాళ్ళు వెరసి అంతమంది ఉంటారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఓటు వచ్చాక జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలు కూడా అవే. అంతకుముందు ఇరవై ఒకటి నిండాలి. 1983 జనవరిలో ఎన్.టి. రామారావుగారు గెలిచినప్పుడు నాకు ఇరవయ్యే. ప్రచారంలో ఆయన చైతన్యరథం వస్తోందంటే మీ అమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డాను. ఆ తోపులాటలో మీ అమ్మ చెప్పు తెగిపోయి, ఇల్లు చేరేదాకా ఒకటే ఏడుపు. ఊరంతా ఓటేసింది, నేను చూస్తూ కూర్చున్నాను. మీకు ఓటు అడక్కుండానే ఇచ్చారు కదా, అందుకే అంత అలుసు.

89లో నాకు పోలింగు డ్యూటీ చోడవరం దగ్గర ఒక ఊళ్ళో, అక్కడి బడిలోనే. ముందురోజు రాత్రి పెట్రోమాక్సు లైటు, దోమలు. ఊరి పెద్దెవరో క్యారేజీ పంపితే మా ప్రిసైడింగు ఆఫీసరు తిప్పి పంపేశాడు, ఎవరి అన్నం తింటే వాళ్ళ మనుషులంటారని. అటుకులు నానబెట్టుకుని తిన్నాం. (నువ్వు రాత్రిళ్ళు ఏం తింటున్నావు? ఆ బిరియానీలు మానెయ్యి. దగ్గు తగ్గిందా?) మర్నాడు మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది. ఓటర్ల జాబితాలో ఆవిడ పేరు కొట్టేసి ఉంది. ఎవరో చనిపోయిందని రాయించారు. "నానేటి సచ్చిపోనానా బాబూ? సూడు, నీ ఎదరే నిల్సున్నాను" అంది. జాబితాలో లేనిదే మేం బ్యాలెట్టు ఇవ్వకూడదు. ఆవిడ వెళ్ళిపోయింది. లెక్కింపు ముగిసి తొమ్మిది అన్నారని వినగానే నాకు గుర్తొచ్చింది ఆవిడే.

అప్పట్నుంచీ నాకు జాబితా పిచ్చి పట్టుకుంది. ముసాయిదా బయటపెట్టారని తెలిస్తే చాలు, కళ్ళజోడు పెట్టుకుని మన వీధి మొత్తం చదువుతాను. పోయినవాళ్ళ పేర్లుంటాయి, బతికున్నవాళ్ళవి ఉండవు. మీ పెదనాన్న "పంచాంగం మొదలైంది" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. నీకు ఓటరు కార్డుందని ధీమా కదూ? కార్డు జేబులో ఉన్నా, జాబితాలో పేరు లేకపోతే ఆ ముసలావిడకి జరిగిందే నీకూ జరుగుతుంది. ఇల్లు మారినవాళ్ళ పేరు అలాగే వదిలేస్తే ఒకనాడు ఎగిరిపోతుంది. బూతు స్థాయి అధికారి, అదే బీఎల్‌ఓ, వచ్చి తలుపు కొట్టినప్పుడు మనిషి లేకపోతే ఏమని రాసుకుంటాడు చెప్పు?

ఇప్పుడు అసలు సంగతి. నీ పేరు ఇంకా ఇక్కడే, మన బూతులోనే ఉంది. మొన్నే చూశాను. అది ఇక్కడుంటే ఆ వంకనైనా వస్తావని నా ఆశ. అయినా హైదరాబాదుకి మార్చుకో. నువ్వు తాగేది అక్కడి నీళ్ళు, నీ బండి పడేది అక్కడి గుంతల్లో. అక్కడి కార్పొరేటరును నిలదీయాలంటే అక్కడ ఓటుండాలి. 2024లో హైదరాబాదు లోక్‌సభ స్థానంలో ఓటేసినవాళ్ళు సగానికి తక్కువ. అక్కడి చెత్త గురించి నువ్వు ఫోనులో గంటసేపు తిడతావు గానీ, అక్కడి నాయకులు నీకెందుకు భయపడాలి? ఫారం 8 నింపితే చిరునామా మారుతుంది, ఫోనులోనే అయిపోతుంది. అంతేగానీ అక్కడ కొత్తగా ఫారం 6 పెట్టి రెండు చోట్లా ఉంచుకోకు, అది నేరం. అద్దె కాగితం ఇవ్వనని ఇంటాయన నసిగితే గ్యాస్ బిల్లో, బ్యాంకు పాసుబుక్కో చూడు. ఆయనతో గొడవ పెట్టుకోకు, నీకు కోపం ఎక్కువ, మీ తాతగారి పోలిక.

రాజకీయాలు కుళ్ళిపోయాయని కూడా అన్నావు. కాదనను. కానీ ఇరవై ఒక్కేళ్ళు నిండితే సర్పంచికి నిలబడొచ్చు. నీకు ఇరవై ఆరు. మీ బ్యాచిలో ఒక్కడైనా ఆ ఊసెత్తాడా?

మన బుజ్జికి పదిహేడు నిండాయి. పద్దెనిమిది దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే ఫారం 6 ముందస్తుగా పెట్టుకోవచ్చు. దాని చేత నువ్వే పెట్టించు, నా మాట వినదు.

ఎదురింటివాళ్ళబ్బాయి వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు. ఆవకాయ, బెల్లం పంపిస్తున్నాను. ఈ ఆదివారం పొద్దున్నే, క్రికెట్టుకి వెళ్ళేముందే, ఫారం 8 నింపెయ్యి. చివర్లో రిఫరెన్సు నంబరు వస్తుంది. అది నాకు పంపు. పేరు మారిందో లేదో నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ